చెరకు పానకం కాచడం ఎలా, నాణ్యత తేల్చడం ఎలా

దిబ్బరొట్టెతో నంజుకోవడానికి గోదావరి జిల్లాల్లో వాడే చిక్కటి చెరకు పానకం గురించి ఇక్కడ చెబుతున్నాను. శ్రీరామనవమికి మిరియాలు, యాలకులు వేసి కలిపే పానకం వేరు. ఇది చెరకు రసాన్ని గట్టి బెల్లం కాకముందే, పాకం దశలో దించేసిన ద్రవం. బజారులో ద్రవ బెల్లం, పాకం బెల్లం అన్న పేర్లతోనూ దొరుకుతుంది. చక్కెర మిల్లులో చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌కు దీనికి చుట్టరికం ఉంది కానీ, తినడానికి పనికొచ్చేది ఇదే. ఆ తేడా చివర్లో వివరిస్తాను.

ముందుగా ఒక మాట. అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం దిమ్మల్ని మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేటప్పుడు చూపు ముందు రంగు మీదే పడుతుంది. పసుపు పచ్చగా మెరిస్తే ఎక్కువ ధర, నల్లగా ఉంటే తక్కువ ధర. ఆ ధర కోసమే రసంలో హైడ్రోస్ పొడి (సోడియం హైడ్రోసల్ఫైట్) వేసి రంగు విరగ్గొట్టే అలవాటు వచ్చింది. మీరు ఇంటి కోసం కాచుకుంటున్నా, ఊళ్ళో చిన్నగా అమ్మడానికి కాస్తున్నా రంగును చివర చూడండి. నాణ్యత తోటలో మొదలై, తెట్టు (కాచేటప్పుడు పైకి తేలే మురికి పొర) తీసే దగ్గర సగం, పొయ్యి ఆపే దగ్గర మిగతా సగం తేలుతుంది. రంగు వీటన్నిటి వెనక వచ్చేది.

చెరకు ఎంచుకోవడం

నాటిన 10 నుంచి 12 నెలలకు తోట పక్వానికి వస్తుంది. కార్శి తోట (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చినది) మొక్కతోట కన్నా కాస్త ముందే వస్తుంది. కోస్తాలో డిసెంబరు నుంచి మార్చి దాకా చలి, పొడి వాతావరణం ఉన్న రోజులు మంచివి. చేతిలో పట్టే బ్రిక్స్ మీటరు (రిఫ్రాక్టోమీటరు) ఉంటే గడ అడుగున ఒక బొట్టు, పైభాగాన ఒక బొట్టు రసం తీసి చూడండి. రెండు రీడింగులూ దాదాపు సమానంగా ఉంటే గడ పండినట్టే. పైన బాగా తక్కువ చూపిస్తే ఇంకా ఆగాలి. పండిన గడ రసం మామూలుగా 18 నుంచి 22 బ్రిక్స్ మధ్య ఉంటుంది, అంటే వంద గ్రాముల రసంలో దాదాపు అన్ని గ్రాముల కరిగిన పదార్థం ఉన్నట్టు.

మీటరు లేకపోతే అడుగు కణుపూ, పై కణుపూ నమిలి చూడండి. పైన చప్పగా, కాస్త ఉప్పగా తగిలితే ఆ గడ పానకానికి ఇంకా పనికిరాదు.

చెరకు ఎంత ఏపుగా ఉందో చూసి మోసపోకండి. ఆలస్యంగా యూరియా ఎక్కువ వేసిన తోట ఏపుగానే పెరుగుతుంది. కానీ ఆ రసం త్వరగా నల్లబడుతుంది, దాంతో చేసిన బెల్లం మెత్తగా కారుతుంది. చౌడు నేలల్లో, ఉప్పునీరు తగిలే తీరప్రాంతాల్లో పెరిగిన చెరకు పానకం ఉప్పగా ఉంటుంది. దాన్ని ఎంత కాచినా, ఎంత వడకట్టినా ఉప్పు పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పడిపోయి వేళ్ళు పుట్టిన గడలు, చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉండి పులుపు వాసన వచ్చే ఎర్రకుళ్ళు గడలు, పురుగు తొలిచినవి పక్కన పెట్టేయండి. వంద గడల్లో నాలుగు చెడ్డవి కలిసినా రుచిలో తెలిసిపోతుంది. మొవ్వు దగ్గర లేత కణుపులు రెండు మూడు కొట్టేయాలి. వాటిలో చక్కెర తక్కువ, రంగు పాడుచేసే పదార్థాలు ఎక్కువ.

నరికిన రోజే గానుగ

ఇక్కడ ఎవరికీ మినహాయింపు లేదు. నరికిన క్షణం నుంచి గడలోని సుక్రోజ్ విడిపోవడం మొదలవుతుంది, కోసిన చివర్ల నుంచి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి. 24 గంటల లోపల గానుగాడాలి. ఎండలో రెండు రోజులు పడేసిన చెరకు రసం జిగురుగా మారి, తెట్టు సరిగా విడవదు. అలాంటి రసంతో ఎంత నేర్పున్నవాళ్ళు కాచినా మంచి పానకం రాదు.

గడల మీది మట్టి, ఎండు ఆకు తుడిచి, వీలైతే నీళ్ళతో కడిగి గానుగలో పెట్టండి. మూడు రోలర్ల కరెంటు గానుగలో వంద కిలోల చెరకుకు 60 నుంచి 65 కిలోల రసం వస్తుంది. ఎద్దుల గానుగలో అంతకన్నా తక్కువ. ఇంటి అవసరానికైతే ఊళ్ళో బెల్లం గానుగ దగ్గర 10 లీటర్ల రసం తెచ్చుకోవచ్చు. 10 లీటర్లకు సుమారు రెండున్నర కిలోల పానకం దిగుతుంది. రోడ్డు పక్క చెరకు రసం బండి దగ్గర కొంటే అల్లం, నిమ్మ, ఐసు లేకుండా అడగండి.

రసాన్ని ముందు జల్లెడలో, తర్వాత నాలుగు మడతల తెల్ల గుడ్డలో వడకట్టండి. వెంటనే పొయ్యి మీద పెట్టాలి. గంటసేపు ఊరికే ఉంచినా పులుపు ఎక్కుతుంది.

తెట్టు తీయడం

పానకం అంతటికీ ఇదే ప్రాణం. దీని మీద పెట్టిన ఓపికంతా సీసాలో కనిపిస్తుంది.

పాత్ర మందపాటి స్టీలుదో, కళాయి వేసిన ఇత్తడి గంగాళమో అయి ఉండాలి. గానుగ దగ్గర వాడేది పెద్ద ఇనుప పెనం. కానీ చిన్న మొత్తంలో, ఎక్కువసేపు కాచేటప్పుడు ఇనుము రసాన్ని నల్లబరుస్తుంది. అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి వద్దు, రసం పుల్లటిది కాబట్టి. పాత్రలో సగానికి మించి రసం పోయకండి. పొంగు అంత పైకి లేస్తుంది.

బెండ కాండం ముందే సిద్ధం చేసుకోండి. పచ్చి బెండ మొక్కను వేళ్ళతో పీకి, కడిగి, జానెడు ముక్కలు రెండు మూడు రోట్లో దంచి, అర లీటరు నీళ్ళలో అరగంట నానబెట్టి, చేత్తో గట్టిగా పిసకండి. నీళ్ళు జారుడుగా, జిగురుగా అవుతాయి. వడకట్టి ఉంచుకోండి. మొక్క దొరకనప్పుడు నాలుగైదు లేత బెండకాయలను చితకొట్టి అలాగే చేయవచ్చు. ఈ జిగురు రసంలోని మాంసకృత్తులను, మట్టి రేణువులను, మైనాన్ని పట్టుకుని పైకి తేలుస్తుంది. దేశంలో చాలాచోట్ల బెల్లం వండేవాళ్ళు ఇదే పద్ధతి పాటిస్తారు. కొందరు వేరుశనగ, ఆముదం గింజలు నూరి తీసిన పాలు వాడతారు. బెండ దొరికితే నేను ఇంకోదాని జోలికి పోను.

రసం చేతికి బాగా వేడి తగిలే సమయానికి జిగురు నీళ్ళు సగం పోసి ఒకసారి కలిపి వదిలేయండి. కలియబెడుతూ ఉంటే తెట్టు విరిగి మళ్ళీ రసంలో కలిసిపోతుంది. మంట మధ్యస్థంగా ఉంచండి. 80, 85 డిగ్రీల దగ్గర ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసిన మందపాటి తెట్టు పొరలా పైకి వస్తుంది. తెర్లకముందే దాన్ని చిల్లుల గరిటెతో అంచు నుంచి మధ్యకు లాగి తీసేయాలి. తెర్లడం మొదలైతే ఆ పొర ముక్కలై లోపలికి పోతుంది, ఆ తర్వాత ఎంత తీసినా పానకం మురికిగానే ఉంటుంది. మొదటి పొర తీశాక మిగతా జిగురు నీళ్ళు పోసి, రెండో పొర తీయండి. ఇది పలుచగా, గోధుమ రంగులో వస్తుంది. తర్వాత తెల్లటి నురగ మాత్రమే వస్తే రసం తేరుకున్నట్టు. గరిటెలో కాస్త తీసి వెలుతురుకు పట్టి చూస్తే అడుగు కనిపించాలి.

సున్నం సంగతి. పుల్లదనం తగ్గితే తెట్టు బాగా విడుతుంది, కాచేటప్పుడు సుక్రోజ్ విరగడం తగ్గుతుంది. తాజా రసం పీహెచ్ (పుల్లదనం కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 5.2, 5.4 దగ్గర ఉంటుంది, దాన్ని 6 నుంచి 6.4 మధ్యకు తేవాలి. బఠాణీ గింజంత తినే సున్నం పావు లీటరు నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ పలుచని సున్నపు పాలను చెంచా చెంచాగా పోస్తూ పీహెచ్ కాగితంతో చూసుకోండి. కాగితం లేకపోతే సున్నం వేయకండి. తక్కువైతే నష్టం కొంచెమే. ఎక్కువైతే పానకం నల్లబడి, నాలుక మీద సున్నపు వగరు నిలుస్తుంది.

హైడ్రోస్ వేయకండి. దాంతో వచ్చిన పసుపు నిలవదు కూడా, నిల్వలో నెమ్మదిగా మళ్ళీ ముదురుతుంది. మీ దగ్గర కొన్నవాళ్ళు రెండు నెలల తర్వాత చూసేది ఆ ముదురు రంగునే.

కాచడం, ఆపడం

తెట్టు పోయాక మంట పెంచండి. ఇప్పుడు నీరు ఎంత తొందరగా ఇగిరితే అంత మంచిది. సన్న సెగ మీద గంటల తరబడి మరిగిస్తే మాడు రుచి, ముదురు రంగు వస్తాయి. 10 లీటర్లకు ఇంటి గ్యాసు పొయ్యి మీద రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ముప్పావు కిలో దాకా గ్యాసు ఖర్చవుతుంది కనుక, పెరట్లో కట్టెల పొయ్యి ఉంటే అదే లాభం. గానుగ దగ్గర ఎండిన పిప్పే వంటచెరకు. నురగ అంచుల దాకా పొంగితే రెండు చుక్కలు వేరుశనగ నూనె వేయండి, దిగిపోతుంది.

రసం నాలుగో వంతుకు వచ్చేసరికి బుడగలు పెద్దవై, నెమ్మదిగా పగలడం మొదలవుతుంది. ఇక పొయ్యి వదలకండి. మంట తగ్గించి, చెక్క గరిటెతో అడుగు తాకేలా తిప్పుతూ ఉండండి. ఈ దశలోనే, చక్కెర గడ్డకట్టకుండా, రెండున్నర కిలోల పానకానికి 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్, పావు చెంచా లోపు) లేదా ఒక పెద్ద నిమ్మకాయ రసం వడకట్టి కలపండి.

ఎక్కడ ఆపాలి? పానకానికి 105 నుంచి 106 డిగ్రీల సెల్సియస్. గట్టి బెల్లానికైతే 118 దాకా వెళ్ళాలి. ఈ అంకెలు నీళ్ళు 100 డిగ్రీలకు మరిగే కోస్తా ఊళ్ళకు సరిపోతాయి. హైదరాబాదులో నీళ్ళు సుమారు 98 దగ్గరే మరుగుతాయి, అరకులో ఇంకా తక్కువకే. అందుకని ముందు మీ థర్మామీటరును మరిగే నీళ్ళలో పెట్టి ఎంత చూపిస్తుందో రాసుకోండి. దానికి 5 నుంచి 6 డిగ్రీలు కలిపితే అదే మీ ఊళ్ళో ఆపే చోటు. థర్మామీటరు తప్పు చూపిస్తున్నా ఈ లెక్కలో ఆ తప్పు సర్దుకుంటుంది.

థర్మామీటరు లేనివాళ్ళకు పాత పద్ధతి ఉండనే ఉంది. చల్లటి పళ్ళెం మీద ఒక బొట్టు వేసి, ఆరాక బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి విడదీస్తే చిన్న తీగ సాగి తెగాలి. అది లేత తీగపాకం. నీళ్ళలో వేస్తే బొట్టు కరిగిపోవాలి. చేతికి మెత్తటి ఉండలా వస్తే దాటిపోయింది. అరిసెలకు బాగుంటుంది గానీ సీసాలో గడ్డకడుతుంది. కంగారు పడకండి, గ్లాసెడు మరిగే నీళ్ళు పోసి కలిపి, మళ్ళీ తీగపాకానికి తెచ్చి దించేయండి. తొందరపడి ముందే దించేస్తే వచ్చే నష్టం వేరు: పలుచటి పానకం కొన్ని వారాల్లో పులుస్తుంది.

తేర్చడం, నిల్వ

దించిన పానకాన్ని వేడిగా ఉండగానే మళ్ళీ గుడ్డలో వడకట్టి, మూతున్న స్టీలు గిన్నెలో పోసి ఎనిమిది, పది రోజులు కదపకుండా ఉంచండి. సన్నటి మడ్డి అడుగుకు దిగుతుంది. పైతేటను నెమ్మదిగా వంచుకుని, 85 డిగ్రీల దాకా వేడిచేసి, ఉడికించి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాల్లో నింపి మూత బిగించండి. అడుగు మడ్డి పశువుల దాణాలో కలపవచ్చు. తడి చెంచా సీసాలో పెట్టకూడదు. పైన చేరిన రెండు చుక్కల నీరు చాలు, అక్కడే బూజు పుడుతుంది.

ఎప్పుడైనా సీసా తెరవగానే బుసమని గాలి వచ్చి, కల్లు వాసన వేస్తే అది పులిసింది. దాన్ని మళ్ళీ కాచి వాడకండి. గడ్డకట్టిన పానకంలో మాత్రం చెడు ఏమీ లేదు. సీసాను వేడినీళ్ళలో నిలబెడితే కరుగుతుంది.

నాణ్యత తేల్చడం

మీరు కాచినదానికైనా, బయట కొన్నదానికైనా ఈ వరుసలో చూడండి.

మొదట తూకం. సరిగ్గా లీటరు పట్టే సీసాను ఖాళీగా తూచి, చల్లారిన పానకంతో నింపి మళ్ళీ తూచండి. పానకం బరువు 1.35 కిలోల నుంచి 1.38 కిలోల మధ్య ఉంటే దానిలో ఘనపదార్థం 70 నుంచి 75 శాతం ఉన్నట్టు, నిల్వకు అదే సరైనది. 1.32 కన్నా తగ్గితే పలుచన, త్వరగా వాడేయండి. 1.41 దాటితే 80 శాతం దాటింది, పంచదార పలుకులు కట్టే అవకాశం ఎక్కువ. బ్రిక్స్ మీటరుతో చూసేవాళ్ళు బొట్టు పూర్తిగా చల్లారాకే చూడాలి.

రెండోది తేట. గాజు గ్లాసులో ఒక చెంచా పానకానికి పది చెంచాల గోరువెచ్చని నీళ్ళు కలిపి గంట ఉంచండి. నీళ్ళు రంగుగా ఉన్నా పర్వాలేదు, తేటగా ఉండాలి. అడుగున ఇసుక, పిప్పి పొడి, నల్లటి రేణువులు చేరితే తెట్టు తీయడంలో అశ్రద్ధ. అదే నీళ్ళలో నిమ్మరసం పిండితే బుసబుస బుడగలు వస్తే సోడా కలిపి ఉండవచ్చు.

మూడోది రుచి, దీన్ని తొందరపడకుండా చేయండి. అర చెంచా నాలుక మీద వేసుకుని ఆగండి. ముందు తీపి, వెంట చెరకు వాసన, చివర కొంచెం పులుపు ఉంటే మంచిది. ఉప్పు తగిలితే నేల దోషం. చేదు మాడు తగిలితే పొయ్యి దోషం. గంధకం వాసన, గొంతులో గరగర ఉంటే హైడ్రోస్ అనుమానించండి. తీపి తప్ప ఏ వాసనా లేకపోతే అది పంచదార కలిపి కాచిన సరుకు కావచ్చు. అలాంటిది చూడటానికి అందంగానే ఉంటుంది, అందుకే దీన్ని నాలుకతోనే పట్టుకోవాలి.

ఆఖరున రంగు. వెలుతురుకు పట్టినప్పుడు ఎర్రటి గోధుమ రంగులో మెరిస్తే చాలు. ముదురుగా ఉండి పై మూడింటిలోనూ నెగ్గితే అది మంచి పానకమే. నిమ్మపండు పసుపులో ఉంటే ఎలా వచ్చిందో అడగండి. నాటుసారా బట్టీల వల్ల నల్లబెల్లానికి చెడ్డపేరు వచ్చి, ఎక్సైజ్ వాళ్ళ నిఘా కూడా దాని మీద పడింది. ఆ పేరు చూసి తినే బెల్లంలోని ముదురు రంగును కూడా తప్పుగా చూడటం రైతుకు అన్యాయం.

అమ్మకానికి పెట్టేవాళ్ళు లేబులుకు ముందు ప్రయోగశాల పరీక్ష చేయించాలి. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం బెల్లంలో తేమ తీసి లెక్కిస్తే మొత్తం చక్కెరలు 90 శాతానికి, సుక్రోజ్ 60 శాతానికి తగ్గకూడదు. మొత్తం బూడిద 6 శాతం మించకూడదు. గట్టి బెల్లానికి తేమ 10 శాతం దాటకూడదన్న నియమం ద్రవ బెల్లానికి వర్తించదు. బూడిద ఎక్కువ వస్తే నేలలోని ఉప్పునో, వేసిన సున్నాన్నో వెతకండి.

మిల్లు మొలాసిస్ సంగతి

చక్కెర మిల్లులో రసాన్ని చిక్కబరిచి పలుకులు కట్టించి, తిప్పే యంత్రంలో పలుకుల్ని వేరుచేస్తారు. మిగిలిన ద్రవం ‘ఏ’ (A) రకం మొలాసిస్. దాన్నుంచి ఇంకోసారి చక్కెర తీస్తే బి, మూడోసారి తీస్తే సి. సి రకం దాదాపు నల్లగా, తారు చిక్కదనంతో ఉంటుంది. అప్పటికి చక్కెరలో తీయగలిగింది తీసేశారు, ఉప్పులూ మలినాలూ అన్నీ దాంట్లో పోగుపడ్డాయి. మన మిల్లుల్లో దాన్ని మొత్తం చక్కెరల శాతం చూసి గ్రేడు కడతారు: 50, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 44 నుంచి 50 లోపు రెండోది, 40 నుంచి 44 లోపు మూడోది. ఆల్కహాలు ఎంత దిగుతుందన్నదే అక్కడ లెక్క. 2018-19 నుంచి బి రకంతో చేసిన ఇథనాల్‌కు కేంద్రం వేరుగా, ఎక్కువ ధర ఇవ్వడంతో చాలా మిల్లులు మూడోసారి చక్కెర తీయకుండా ఆగుతున్నాయి.

ఈ సరుకు డిస్టిలరీకి, పశువుల దాణాకు వెళ్తుంది. మన మిల్లుల్లో ఎక్కువ భాగం రసాన్ని గంధకపు పొగతో తెల్లబరుస్తాయి, పైగా మొలాసిస్‌ను తినే వస్తువుగా నిల్వ చేయరు. చౌకగా దొరికిందని వంటకు తేవద్దు.

అమెరికాలో, ఇంగ్లండులో ఉండే మనవాళ్ళు అక్కడి అల్లం కేకుల కోసం మొలాసిస్ కొంటారు. అది తినడానికని వేరుగా శుద్ధిచేసి సీసాకెత్తింది, భయపడక్కర్లేదు. సీసా మీద గంధకం వాడలేదని రాసి ఉన్న లేత రకం తీసుకుంటే దిబ్బరొట్టెకు కొంతవరకు సరిపోతుంది. బ్లాక్‌స్ట్రాప్ అని రాసింది మాత్రం మూడోసారి తీసిన రకం, చేదుగా ఉంటుంది. ఇటు నుంచి అటైతే, కేకులో వాళ్ళ మొలాసిస్ బదులు మన పానకం అంతే కొలతకు వేయవచ్చు. మనది ఎక్కువ తీపి కాబట్టి పంచదార కొంచెం తగ్గించండి, వాళ్ళ ముదురు రంగు మాత్రం రాదు.